తొక్కే కదా అని పారేస్తున్నారా?

కూరలు తరిగాక కత్తిపీట పక్కన పోగుపడ్డ తొక్కల్ని మీరేం చేస్తారు? "ఏం చేస్తామండీ, చెత్తబుట్టలో వేస్తాం" అంటారు కదూ! అయితే ఈ సంగతి వినండి.

టమాటా సాస్ తయారుచేసే ఫ్యాక్టరీల్లో గుజ్జు తీసుకున్నాక తొక్కలూ, గింజలూ పిప్పిగా మిగులుతాయి. చాలాచోట్ల అది పశువుల దాణాకి పోతుంది. కానీ టమాటాకి ఎర్రరంగునిచ్చే లైకోపీన్ గుజ్జులో కన్నా తొక్కలోనే చిక్కగా ఉంటుంది. అందుకే ఆ పిప్పిని ఎండబెట్టి, పొడిచేసి, లైకోపీన్‌ని రాబట్టే పద్ధతులు శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఉల్లిపాయ పై పొరల్లో క్వెర్సెటిన్ ఉంటుంది. నిమ్మ, నారింజ తొక్కల్లోంచి తీసే పెక్టిన్ జామ్ గట్టిపడడానికి వాడేదే. చూశారా, చెత్తకి ఎంత గిరాకీయో!

అయితే ఈ గిరాకీతోపాటే అతి ప్రచారమూ వచ్చింది. మా అత్తగారికి షుగర్. ఆమధ్య దూరపు బంధువొకాయన లైకోపీన్ మాత్రల డబ్బా పట్టుకొచ్చి, "ఇవి వేసుకుంటే షుగర్ తగ్గుతుంది, క్యాన్సర్ రాదు" అని ఊదరగొట్టాడు. ఆవిడ డాక్టరుగారిచ్చిన మందు ఆపేస్తానని కూర్చున్నారు! "అత్తయ్యా, టమాటా పచ్చడి రోజూ చేసిపెడతాను. మీ మందు మాత్రం మానకండి" అని బతిమాలి ఒప్పించాను. లైకోపీన్ మాత్రలు క్యాన్సర్ ముప్పు తగ్గిస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదని అమెరికాలోని ఎఫ్.డి.ఎ. 2005లోనే తేల్చింది. తిండి తిండే, మందు మందే.

మరి తొక్కల వల్ల మనకి లాభం లేదా అంటే, ఎందుకు లేదూ! లైకోపీన్ నూనెలో కరుగుతుంది. కాబట్టి పచ్చి టమాటా కన్నా, తొక్కతో సహా నూనెలో మగ్గించిన టమాటా నుంచే అది ఒంటికి బాగా పడుతుంది. మన అమ్మమ్మలకి ఆ పేరు తెలియకపోయినా పచ్చడి చేసే పద్ధతి తెలుసు! ఉల్లిపాయకి ఎండుపొర తీస్తే చాలు, కిందున్న మంచి పొరని కూడా ఒలిచెయ్యకండి. బీరపొట్టులో పీచు ఉంటుంది, పచ్చడికి దాన్ని మించింది లేదు.

రెండు జాగ్రత్తలు. పురుగుమందులు చల్లిన కూరలు కాబట్టి, ధారగా పడే నీళ్ళకింద చేత్తో రుద్ది కడగండి. పచ్చగా మారిన బంగాళాదుంప తొక్క మాత్రం తినకూడదు. అందులో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది.

ఈసారి లేత బీరకాయలు తెచ్చినప్పుడు ఆ పొట్టుని నాలుగు ఎండుమిరపకాయలు, కాస్త చింతపండు, మినప్పప్పు పోపుతో నూరి, అదేమిటో చెప్పకుండా మీవారికి వడ్డించి చూడండి. మారు అడక్కపోతే నన్ననండి!