కంభము త్రోవలో కప్పతల్లి

మార్కాపురము పేరు వినని సోదరీమణులుందురేమో కాని, ఆ ప్రాంతపు పలకపై ఓనమాలు దిద్దినవారు మనలో అనేకులు. అచ్చటి చెన్నకేశవస్వామిని సేవించుకొని, మేము 2023వ సంవత్సరము ఆగస్టు నెలలో పడమరగా పయనమై కంభము, గిద్దలూరు చూడబోతిమి. 1901 మొదలు లెక్కించిన ఆగస్టు నెలలలో మన దేశమున ఇంతటి వానలేమి ఎన్నడును లేదు. నల్లమల కొండలపై మేఘపుతునకయైన కానరాలేదు.

కంభము చెరువు రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు కట్ట వేసి నిలిపినది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించెనని చెప్పుదురు. 2020లో దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో చేర్చిరి. ఇంతటి పనిని తలపెట్టిన యింతిని తలచుకొనుచు కట్టపై చాలసేపు నిలిచితిమి.

గిద్దలూరు త్రోవలో ఒక పల్లెయందు పిల్లలు కప్పతల్లి ఆడుచుండిరి. వానలు కురియనప్పుడు తెలుగునాట పలుచోట్ల నున్న ఆచారమే. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దఱు భుజములపై మోయుదురు. ఇల్లాండ్రు దానిపై నీరు క్రుమ్మరించి, పిల్లలకు గింజలు పోయుదురు. మేమును ఒక చెంబెడు పోసితిమి. మూడునాళ్లుగా ఆ కప్పనే కుండలో నుంచి త్రిప్పుచున్నారని విని దగ్గఱగా చూచితిమి. త్రాడొరసిన చోట చర్మము చిట్లినది. పొట్టయు, తొడల లోప్రక్కలును కెంపెక్కినవి. "ఎండకు సొమ్మసిల్లినది లేమ్మా" అని ఒక అవ్వ యనెను.

ఎండ మాత్రమే కాకపోవచ్చును. బంధించిన కప్పలకు ఎఱ్ఱకాలు తెవులని యొకటి కలదు. 1905లో అమెరికాలో ఎమర్సన్, నారిస్ అను ఇద్దఱు దీనిని గూర్చి విపులముగా వ్రాసిరి. దీనికి ముఖ్యముగా చెప్పబడు సూక్ష్మజీవి ఏరోమోనాస్ హైడ్రోఫిలా. చిత్రమేమన, అది చెరువులలో, వాగులలో ఎల్లప్పుడు నుండునదే! కప్ప నీటిని నోటితో త్రాగదు, చర్మముతో పీల్చుకొనును. ఆ చర్మమే దాని కోట. శస్త్రము చేసిన ఆఫ్రికా కప్పల గాయములు మురికినీటనుండియు చీము పట్టక మానుట చూచి, మైకేల్ జాస్లాఫ్ 1987లో వాని చర్మమునందు సూక్ష్మజీవులను చంపు పదార్థములను కనుగొనెను. కాని బెదరించి, ఇఱుకుకుండలో మురిగిన నీట నుంచినచో ఆ రక్షణ సడలును. ఒరసిన చోట సూక్ష్మజీవి చొచ్చి నెత్తుట వ్యాపించును. కప్ప తినదు, దుముకదు, కొలదిదినములలో చచ్చును. ఇట్టి యెఱ్ఱదనము వేఱు తెవుళ్ల వలనను రావచ్చును గనుక, కంటితో చూచి నిర్ణయింపరాదు. అది పశువైద్యుని పని.

వానకై వేడుకొనుటను మేము వలదనము. అయినను నీరు పోయు చెంబు మన చేతిలోనిదే కదా! త్రాడు మాని తడిగుడ్డలో వదులుగా నుంచి, ఒక్క పూటతో ముగించి, కప్పను పట్టిన చోటనే విడిపింపవచ్చును. క్లోరిను కలిపిన కుళాయినీరు దానికి పడదు. జబ్బుపడినదానిని తక్కిన కప్పలతో కలుపరాదు. ముట్టిన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. చేతికి గాయమున్నవారు అసలే ముట్టరాదు, ఆ సూక్ష్మజీవి మన పుండ్లలోను చేరగలదు.

ఇవన్నియు విని అవ్వ త్రాడు విప్పించి, కప్పను నీడన వెడల్పు మూకుడులో మంచినీట నుంచినది. పిల్లలు చిన్నబోయిరి. అంతట నామెయే చెరువుమట్టి తెమ్మని వారిని పంపి, మఱునాటి రోకలికి మట్టికప్పను చేయుటకు కూర్చుండినది.