రెండు వేల ఒక్క క్వెరీలు

హైదరాబాద్ అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నడుస్తుంటే కళ్లు కోచింగ్ సెంటర్ల బోర్డుల మీదికే పోతాయి. జావా ఫుల్ స్టాక్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, పవర్ బీఐ, ఎస్‌ఏపీ... దారిలో చేతిలో పెట్టే పాంప్లెట్ల మీదా అవే పేర్లు. 1990ల చివర్లో వైటూకే భయం ఉన్నప్పుడు మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ కోర్సులకు గిరాకీ. తర్వాత టెస్టింగ్ టూల్స్ ఊపు వచ్చింది. 2006లో మెర్క్యురీ కంపెనీని హెచ్‌పీ కొన్నాక దాని టెస్టింగ్ టూల్ విన్‌రన్నర్ మూలపడింది. ఫ్లాష్‌ను అడోబీ 2020 డిసెంబరుతో ఆపేసింది. అలా పోయినవాటినే నమ్ముకుని నేర్చుకున్నవాళ్ల సంగతేమిటని చాలాకాలంగా నాకొక బెంగ. సాఫ్ట్‌వేర్ పనిలో ఒక్కదాన్నే లోతుగా పట్టుకోవాలా, అన్నీ కొంత కొంత తెలుసుకోవాలా? ఆ ప్రశ్నతోనే ఆదిత్య ఎన్‌క్లేవ్ పక్క సందులో మేడ మీద నడిచే ఒక క్లాసుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను.

పాఠం చెప్పేది కంపెనీల్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చినాయన. ప్రొజెక్టర్ మీద ఆర్డర్ల పేజీ ఒకటి పెట్టారు.

"ఇది తెరుచుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతోంది. తప్పెక్కడ?"

రియాక్ట్ చేసి వచ్చిన కుర్రాడు బ్రౌజర్ మీద బరువెక్కువైందన్నాడు. అతని పక్కన డెవాప్స్ నేర్చుకుంటున్నవాడు పెద్ద సర్వర్ తీసుకోవాలన్నాడు. ముందు బెంచీ అమ్మాయి టేబుల్‌కు ఇండెక్స్ వేయాలంది. ఎవరికి ఏ కోర్సు అయితే వాళ్లకు తప్పు అక్కడే కనిపించింది.

ఆయన ఎవరినీ కాదనలేదు. నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచారు. బ్రౌజర్ పని అర సెకను కూడా లేదు, మిగతాదంతా సర్వర్ జవాబు కోసం ఆగడమే. సర్వర్ చూస్తే ఖాళీగా ఉంది. డేటాబేస్ లాగ్‌లో ఒక్కో క్వెరీకి, వెళ్లి రావడంతో కలిపి, నాలుగు మిల్లీసెకన్లు. ఎవరి భాగం వాళ్లకు బాగానే ఉంది. అప్పుడాయన లాగ్‌ను కిందికి జరుపుతూ పోయారు. అదే క్వెరీ, కస్టమర్ నంబరు మాత్రం మారుతూ, ఎంత జరిపినా వస్తూనే ఉంది. ఆర్డర్ల జాబితాకు ఒకటి, అందులోని 2,000 ఆర్డర్లకు కస్టమర్ పేరు తేవడానికి ఒక్కోటి. మొత్తం 2,001. నాలుగేసి మిల్లీసెకన్ల చొప్పున లెక్క కడితే ఎనిమిది సెకన్లు. జావాలో చూస్తే అది చిన్న లూప్. క్వెరీలను హైబర్నేట్ అనే లైబ్రరీ తనే తయారుచేసి పంపుతుంది కాబట్టి లూప్ రాసినవారి కంట పడవు. పది ఆర్డర్లతో పరీక్షిస్తే తేడాయే తెలియదు. రెండు టేబుళ్లనూ జాయిన్ చేసి ఒకే క్వెరీగా మార్చాక పేజీ సెకను లోపే వచ్చింది.

ఎన్ ప్లస్ వన్ సమస్య అని దీనికి పాత పేరే ఉంది. కోడ్, డేటాబేస్ కలిసే చోట పుట్టే తప్పు ఇది. ఒక్క పక్కనే నిలబడినవారికి దొరకదు.

అలాగని అన్నీ పైపైన తెలిస్తే సరిపోదు. రేపు ఆ జాయిన్ క్వెరీయే కోట్ల వరుసల మీద మొరాయిస్తే, ఎగ్జిక్యూషన్ ప్లాన్ చదివి, ఉన్న ఇండెక్స్‌ను డేటాబేస్ ఎందుకు వాడుకోలేదో చెప్పగల డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ (డీబీఏ) కావాలి. ఆ లోతు నెలా రెండు నెలల్లో వచ్చేది కాదు. 1975లో ఫ్రెడ్ బ్రూక్స్ 'ది మిథికల్ మ్యాన్-మంత్'లో, హార్లన్ మిల్స్ ఆలోచనను తీసుకుని, ఆపరేషన్ థియేటర్ లాంటి జట్టును వర్ణించాడు. మధ్యలో సర్జన్ లాంటి ప్రోగ్రామర్ ఒకరు, చుట్టూ టూల్స్ చూసేవారు, టెస్టర్, ప్రోగ్రామింగ్ భాష లోతు తెలిసినవారు. ఆ అమరిక నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది. కేసు మొత్తం ఒకరి తలలో ఉండాలి. ఎవరిని ఎప్పుడు పిలవాలో ఆ ఒకరికి తెలియాలి.

క్లాసయ్యాక కింద టీ కొట్టు దగ్గర ఒకావిడ పరిచయమయ్యారు. చాలా ఏళ్లుగా మాన్యువల్ టెస్టింగ్‌లో ఉన్నారు. సెలీనియం అనే ఆటోమేషన్ టూల్ రాకపోతే ఇక కష్టమని ఆఫీసులో అంటున్నారట. తను పరీక్షించే బిల్లింగ్ అప్లికేషన్ గురించి చెప్పడం మొదలుపెడితే నాకు టీ తాగాలన్న ధ్యాసే లేకపోయింది. డిస్కౌంటు మీద అమ్మిన సరుకులో సగం వాపసొస్తే జీఎస్టీ ఎలా మారాలి, ఆ మార్పు నెలాఖరు రిపోర్టులో ఎక్కడ తేడా కొడుతుంది, అన్నీ నోటి మీద ఉన్నాయి. డెవలపర్లు తలా ఒక ముక్క చూసుకుంటుంటే, ఆ ముక్కలన్నీ కలిపి చూసిన మనిషి ఈవిడ. ఇంత తెలిసినా రెజ్యూమేలో రాసుకోవడానికి దానికో పేరు లేదు. ఇంటర్వ్యూ కాల్స్ టూల్ పేరుకే వస్తాయి. ఇది అన్యాయమని ఆవిడతో అన్నాను.

"అన్యాయమేనండీ. కానీ ముందు కాల్ రావాలి కదా," అన్నారు.

ఇంతలో సార్ మెట్లు దిగి వచ్చారు. ఆవిడ తన సంగతి చెప్పుకున్నారు.

"సెలీనియం నేర్చుకోండమ్మా, తప్పదు. దానికన్నా ముందు ఎస్‌క్యూఎల్ బ్యాచ్‌లో కూర్చోండి. స్క్రీన్ మీద మీరు పట్టిన తేడా ఏ టేబుల్లో పుట్టిందో మీరే చూపించగలిగితే, మీ మాటకు డెవలపర్లు ఇచ్చే విలువే మారిపోతుంది."

"పొద్దున ఏడింటికి బ్యాచ్ ఉందా సార్? తొమ్మిదిన్నరకు షిఫ్టు."

"ఉంది. సోమవారం డెమో. మీరు చెప్పిన వాపసు లెక్కనే ఆ రోజు టేబుళ్లలో పెట్టి చూద్దాం."