చక్రం ఎత్తు, వాగు లోతు

మానుకోటలో మా ఇంటి జీవనాధారం ఒక పికప్ బండి. మిర్చి కాలంలో గూడూరు, కొత్తగూడ వైపు పల్లెల నుండి బస్తాలు ఎక్కించుకొని వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకు చేరుస్తాము. తక్కిన రోజుల్లో ఇటుక, సిమెంటు, ఇల్లు మారేవారి సామాను. ఇరవై ఏళ్లు నేనే నడిపాను. ఇప్పుడు మా పెద్దబ్బాయి నడుపుతున్నాడు.

2023 చలికాలంలో వాడికి ఒక కోరిక పుట్టింది. “అబ్బా, కమాన్ పట్టీలు పెంచి బండిని లేపి, పెద్ద టైర్లు వేయిద్దాం. చేల బాటల్లో అడుగు తగలదు” అన్నాడు. పొద్దస్తమానం కష్టపడే బిడ్డ నోరు తెరిచి అడిగితే కాదనలేకపోయాను.

మా బండికి కంపెనీ ఇచ్చిన టైరు 215/75 ఆర్ 15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది, ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో తెలిపేది. చివరిది డిస్కు వ్యాసం, అంగుళాల్లో. వాటిని తీసి 235/75 ఆర్ 15 వేయించాము. కమాన్లకు అదనపు పట్టీలు చేర్చి బాడీని మూడు అంగుళాలు లేపించాము. బండి ఠీవిగా కనబడింది. వీధిలో పిల్లలు చుట్టూ చేరారు.

పదో తరగతి చదివే మా అమ్మాయి కాగితం తీసుకొని లెక్క వేసింది. టైరు వ్యాసం పెరిగింది మూడు సెంటీమీటర్లు. ఇరుసు పైకి లేచేది అందులో సగమే. కమాన్లు పెంచితే లేచేది బాడీ మాత్రమే. ఇరుసు, దాని నడుమనున్న డిఫరెన్షియల్ చక్రాలతోపాటే కిందనే ఉంటాయి. దారిలోని రాయి ముందుగా తగిలేది దానికే. అంటే అంత ఖర్చుకు అక్కడ మాకు దక్కినది ఒకటిన్నర సెంటీమీటరు!

పోగొట్టుకున్నది మాత్రం చాలా ఉంది. బరువు పెరిగిన చక్రాన్ని కదిలించడానికి ఇంజనుకు, ఆపడానికి బ్రేకుకు శ్రమ పెరిగింది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డును రాసుకునేది. స్పీడు ముల్లు 60 చూపుతుంటే బండి 62 దాటి పోతుండేది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతున్న సంగతి కూడా నేను ఆ తర్వాతనే తెలుసుకున్నాను. ఫిబ్రవరిలో మిర్చి బస్తాలు నిండుగా ఉన్నప్పుడు ఒక మలుపులో లోపలివైపు చక్రాలు నేలను విడిచినంత పనైంది. బరువు ఎంత పైకి పోతే బండి అంత సులువుగా ఒరుగుతుంది. ఆ బస్తాలు రైతు ఏడాది కష్టం, మా చేతిలో పెట్టిన అమానత్. అయినా మేము మేలుకోలేదు.

2024 ఆగస్టు 31 రాత్రి కుండపోత. నెల్లికుదురు వైపు నుండి వస్తున్న అబ్బాయి ఫోను చేశాడు. “అబ్బా, వాగు రోడ్డెక్కింది. మన బండి ఎత్తుంది గదా, మెల్లగా దాటేస్తా. బండిలో ఇంకిద్దరున్నారు.”

నా గుండె ఆగినంత పనైంది. “బేటా, వెనక్కి తిప్పు. ఇల్లు ఎక్కడికీ పోదు” అన్నాను. వాడు నొచ్చుకున్నాడు గానీ మాట విన్నాడు. ముగ్గురూ ఒక ఊరి మస్జిదులో తలదాచుకున్నారు.

తెల్లవారి వార్తలు విన్నాము. మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం వద్ద పొంగిన ఆకేరులో కారుతో సహా తండ్రీకూతుళ్లు కొట్టుకుపోయారు. ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కోసుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. రైలు కట్టనే నిలవనివ్వని నీటికి మా పట్టీలు, టైర్లు ఏపాటివి?

పారే నీరు రెండడుగులుంటే చాలు, చాలా బండ్లను ఈడ్చుకుపోతుంది. నీరు బండిని పైకి తేల్చుతుంది. బరువు తేలికై టైరుకు పట్టు పోతుంది. గాలి నిండిన పెద్ద టైరు తేలడానికే మరింత తోడ్పడుతుంది. పైగా రోడ్డు కింద కోసుకుపోయిందో లేదో బురదనీటిలో కనబడదు. ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయాలని మహాప్రవక్త (స) నేర్పారు. మేము ముడి వదిలేసి, ఒంటె ఎత్తును చూసుకొని ధీమాపడ్డాము.

ఆ వారమే పాత టైర్లు, పాత కమాన్లు తిరిగి వేయించాము. పెద్ద టైర్లు కొనడానికి ఒక యువకుడు వచ్చాడు. మా అబ్బాయి ధర చెప్పేముందు, మలుపులో జరిగినది, వాగు దగ్గర తన మనసులో మెదిలినది, అంతా దాచకుండా చెప్పాడు. ఆ యువకుడు కాసేపు టైర్ల వైపు చూసి, సలాం చెప్పి వెళ్లిపోయాడు.

టైర్లు ఇంకా మా ఇంటి వెనుకనే ఉన్నాయి. నష్టపోయామని ఇంట్లో ఎవరూ అనుకోవడం లేదు. సోదరులారా, వానాకాలంలో వంతెన మీద నీరు కనబడితే మీ బండి ఎత్తును కొలవకండి. ఇంటి దగ్గర ఎదురుచూసే వారిని తలచుకొని వెనక్కి తిప్పండి.