అఖాతము ఒడ్డున ఎవరు స్థానికులు?



మనుష్యులు ఎక్కడ, ఎంతకాలము కాపురముండాలో నిర్ణయించేది దేవుడేనని అపొస్తలుడైన పౌలు ఏథెన్సు వారికి బోధించాడు (అపొ. కార్యములు 17:26). ఈ సత్యాన్ని కళ్లారా చూడాలంటే దూరదేశాలకు ప్రయాణం కట్టనక్కరలేదు. కాకినాడలో బస్సెక్కి దక్షిణంగా యానాం వరకు సుమారు ముప్పై కిలోమీటర్లు వెళ్తే చాలు. ఎడమ ప్రక్క మడ అడవులు, వాటి అవతల అఖాతం, ఆ అవతల హోప్ ఐలాండు అనే ఇసుక దిబ్బ. కుడి ప్రక్క వరి చేలు, కొబ్బరి తోటలు. దారిలో జగన్నాథపురం, చొల్లంగి, కోరంగి, తాళ్లరేవు, ఇంజరం, నీలపల్లి. ఈ ఊళ్లన్నీ ఒకదానికొకటి పొరుగువే. అయినా ఒక్కొక్క ఊరి కథ ఒక్కొక్క దారి.

సంఘ సేవ నిమిత్తం ఈ దారిన మేము అనేక పర్యాయములు తిరిగాము. రోడ్డు మీద పోయేవారికి ఇవి సామాన్యమైన పల్లెలు. కాని మూడు వందల ఏండ్ల క్రితం ఐరోపా దేశాల కంపెనీలు ఈ కొద్దిపాటి తీరం కోసం పోటీ పడ్డాయి. ఇంగ్లీషువారు 1708లో ఇంజరంలో వర్తక స్థానం పెట్టారు. అక్కడి నేతగాళ్లు నేసిన సన్నని బట్ట ఓడలెక్కి సముద్రాలు దాటిపోయేది. ఫ్రెంచివారు 1723లో యానాంలో దిగి, కొన్నాళ్లకు విడిచిపోయి, 1731లో తిరిగి వచ్చారు. డచ్చివారు జగన్నాథపురంలో కుదురుకున్నారు. ఆ జగన్నాథపురం 1825లో ఇంగ్లీషువారి వశమైంది. నేడు అది కాకినాడలో ఒక పేట మాత్రమే. ఉప్పుటేరు మీది వంతెన దాటి రోజూ అటూ ఇటూ పోయేవారిలో అది ఒకప్పుడు వేరే దొరతనమని తలచేవారు బహు కొద్దిమంది.

ఈ ఊళ్లన్నిటిలోకి పెద్ద పేరున్నది కోరంగి. గౌతమీ గోదావరి నుండి చీలిన కోరంగి పాయ ఒడ్డున ఓడలు కట్టేవారు, పాత ఓడలను బాగుచేసేవారు. ఈ తీరంలో అంతటి రేవు మరొకటి లేదని పేరు. అటువంటి పట్టణం మీద 1789 డిసెంబరులో ఉప్పెన విరుచుకుపడింది. ఒకదాని వెంట ఒకటిగా మూడు పెద్ద అలలు వచ్చి ఊరిని ముంచాయని, సుమారు 20,000 మంది చనిపోయారని అప్పటి వృత్తాంతాలు చెబుతున్నాయి. యాభై ఏండ్లు తిరిగేసరికి, 1839 నవంబరులో, మరొక ఉప్పెన వచ్చింది. ఆ తరువాత కోరంగి మునుపటి స్థితికి రాలేదు. కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన కోరంగి ఉప్పెనను గూర్చి కూడా వ్రాశాడు. నేడు లోకమంతా వాడే 'సైక్లోన్' అనే మాటను పుట్టించింది ఆయనే.

కోరంగి పడిపోవడానికి ఉప్పెన ఒక్కటే కారణం కాదు. గోదావరి ఏటేటా తెచ్చే ఒండ్రు పాయ ముఖాన్ని పూడ్చివేసింది. పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. అదే ఇసుక సముద్రంలో ఉత్తరంగా పేరుకొని, రెండు వందల ఏండ్లలో హోప్ ఐలాండుగా సాగింది. ఆ దిబ్బ అలలకు అడ్డు నిలవడం వలన దాని వెనుక కాకినాడ రేవుకు శాంతమైన నీళ్లు దొరికాయి. నది ఒక ఊరి నోరు మూసి, మరొక ఊరికి గోడ కట్టింది! అటుపిమ్మట 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల మీద పడవలు సరకులను కాకినాడకు చేర్చసాగాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి ప్రత్తి ఆగిపోగా, మన ప్రత్తికి గిరాకీ పెరిగి, కాకినాడ పెద్ద రేవైంది. కోరంగి పల్లెగా మిగిలింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కెనడా మిషనరీలు వచ్చినందువల్లనే ఈ ఊరికి 'కో-కెనడా' అని పేరు వచ్చిందని మన విశ్వాసులలో కొందరు పిల్లలకు చెబుతూ ఉంటారు. వినడానికి ముచ్చటగా ఉన్నా అది నిజము కాదు. కెనడా బాప్టిస్టు మిషను పక్షంగా జాన్ మెక్లారిన్ దొరగారు కాకినాడ వచ్చింది 1874లో. ఇంగ్లీషువారు అంతకు చాలా ముందునుండే 'కోకనాడ' అని వ్రాస్తున్నారు. పైగా ఆయన రాకముందే ఇక్కడ సువార్త పని ఆరంభమైంది. తంతి శాఖలో పనిచేసిన థామస్ గాబ్రియేలు అనే తెలుగు సహోదరుడు, ఉద్యోగం విడిచి, ప్రభువు పని మొదలుపెట్టాడు. భారము పెరిగి సహాయం కోరితే కెనడావారు వచ్చారు. మన సంఘముల చరిత్రలో మొదటి పేజీ తెలుగువానిది. దానిని మరువరాదు.

వచ్చినవారిని గూర్చి చెప్పుకుంటున్నాము. మరి వెళ్లినవారో? కోరంగి నుండి, తరువాత కాకినాడ నుండి, వేలకొలది తెలుగువారు ఓడలెక్కి బర్మా వెళ్లారు. రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను కూలి చేశారు. బర్మావారు తెలుగువారినందరినీ 'కోరంగీలు' అని పిలిచారు. చిన్నబోయిన ఒక రేవు పేరు సముద్రం అవతల ఒక జాతికి పేరైపోయింది. ఆ పిలుపులో చిన్నచూపు కూడా ఉండేది. 1930లో రంగూను రేవు పని విషయమై బర్మావారికీ తెలుగు కూలీలకూ మధ్య ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1942లో యుద్ధం వచ్చినప్పుడు ఎందరో కొండలు, అడవులు దాటి కాలినడకన మన దేశం చేరారు. దారిలో రాలిపోయినవారు అనేకులు. మన తాతలు పరాయి రేవులో పరదేశులుగా బ్రతికినవారు. ఐగుప్తులో మీరు పరదేశులై ఉన్నారని జ్ఞాపకం చేసుకొనుమని ధర్మశాస్త్రం ఇశ్రాయేలీయులకు పదే పదే చెప్పిన మాట మనకూ వర్తించదా?

ఈ సంగతి మాకు పుస్తకం చదివి తట్టలేదు. ఈ తీరానికి సమీపంలో మేము సేవ చేస్తున్న సంఘములో సమాధుల స్థలం గూర్చి ఒక తగవు వచ్చింది. 1996 నవంబరు 6న వచ్చిన తుపానులో గోదావరి ముఖద్వారం దగ్గరి భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకారుల పల్లెలు ఘోరంగా నష్టపోయాయి. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. వేటకు పోయి తిరిగిరాని వారెందరో. ఆ తరువాత కొన్ని కుటుంబాలు మా ఊరి చివర గుడిసెలు వేసుకొని మందిరమునకు రాసాగాయి. ఉత్తరాన ఉప్పాడ వైపు సముద్రం ఒడ్డును కోసివేయగా ఇండ్లు పోయిన కుటుంబాలు కూడా ఒకటి రెండు వచ్చాయి. ఆరాధనలో వారికి చోటు ఉంది. కానుక పళ్లెంలో వారి కానుకకూ చోటు ఉంది. కాని వారిలో ఒక తల్లి ప్రభువునందు నిద్రించినప్పుడు, సమాధుల స్థలం చాలా చిన్నది, అది పాత కుటుంబాలకే చెందాలి అని కొందరు అన్నారు. "బ్రతికినంతకాలం మీతో కూర్చున్నాం, చచ్చాక మాత్రం ఎవరిమండీ?" అని ఆమె కుమారుడు అడిగాడు.

ఆ మధ్యాహ్నం మందిరములో కూడుకున్న పెద్దలను మేము ఒకే ఒక్క మాట అడిగాము: "అయ్యా, మీ తాతగారు ఏ ఊరివారు?" ఒకరు ఇంజరం వైపు నేతగాళ్ల ఇంటివారు; మగ్గం కూడు పెట్టక ఇటు వచ్చారు. ఒకరి తాత రంగూను నుండి నడిచి వచ్చినవాడు. ఒకరి ముత్తాత కాలువ పనికి మెట్ట ప్రాంతం నుండి వచ్చి ఉండిపోయాడు. మరొకరి నాయనమ్మ యానాం పిల్ల. ఆ రోజులలో అది ఫ్రెంచివారి రాజ్యం గనుక పరదేశపు కోడలనే చెప్పాలి. చివరకు నాలుగు తరములుగా ఇక్కడే ఉన్నవారెవరా అని చూస్తే ఒక్కరూ తేలలేదు. ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు. ఆ సాయంకాలమే ఆ తల్లిని అక్కడే సమాధి చేశాము. ఇకమీదట పేర్ల వరుస కాదు, పిలుపు వచ్చిన వరుసేనని సంఘము తీర్మానించింది. అందరి ముఖాలూ సంతోషంగా ఉన్నాయని చెప్పలేము. ఒక కుటుంబం కొన్ని ఆదివారాలు రాలేదు. తరువాత వచ్చింది.

పొలిమేరలు మనుష్యులు గీసినవే గనుక మారుతూనే ఉంటాయి. యానాం 1954 నవంబరు 1న ఫ్రెంచివారి పాలన నుండి భారతదేశపు పాలనలోకి వచ్చింది. అయినను పాండిచ్చేరిలో భాగంగానే ఉంది గనుక చుట్టూ ఆంధ్ర, మధ్యలో యానాం. ఒకప్పుడు శారదా చట్టం తప్పించుకొని బాల్యవివాహాలు చేయించడానికి ఇటువారు అటు పోయేవారు. అందుచేత దానికి కళ్యాణపురమని పేరు కూడా వచ్చింది. 2022లో కాకినాడ, కోనసీమ వేరు వేరు జిల్లాలయ్యాయి. కాని గౌతమి నీళ్లు ఏ జిల్లావి? ఉప్పెన ఏ గీత దగ్గర ఆగింది?

చిత్రమేమంటే, ఇక్కడ నిజంగా ఒడ్డును కాచేవి ఎవరూ లెక్కచేయని చెట్లు. కోరంగి మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. అవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఉప్పు నీటిలో, బురదలో, గాలి కోసం వేళ్లను పైకి చాపుకొని నిలుస్తాయి. ఒక చెట్టు వేళ్లు మరొక చెట్టు వేళ్లతో పెనవేసుకొని ఒండ్రును పట్టి ఉంచుతాయి. అలల ఉధృతిని తగ్గిస్తాయి. ఒంటరిగా నిలిచిన మడ చెట్టును అల పెకలించగలదు. గుంపును పెకలించడం కష్టం. సంఘమును గూర్చి దీనికంటె మంచి ఉపమానం మాకు ఈ తీరంలో కనబడలేదు.

భూమి నాది, మీరు నా యొద్ద కాపురమున్న పరవాసులు మాత్రమే అనే భావము గల మాట లేవీయకాండము 25వ అధ్యాయములో ఉన్నది. కనుక ప్రియులారా, మీ ఊరి చివర కొత్తగా గుడిసె వేసుకున్నవారిని చూచినప్పుడు, "ఎక్కడివారు?" అని అడగండి, తప్పులేదు. కాని వారిని తూచడానికి అడగవద్దు. వారి కథ వినడానికి అడగండి. విన్న తరువాత మీ తాతగారి కథ వారికి చెప్పండి. ఆ రెండు కథలలో ఎక్కడో ఒకచోట ఒకే నది, ఒకే ఉప్పెన, ఒకే కృప కనబడుతుంది. అట్టి కనులను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.