పాలపిట్ట దర్శనము

రైలు ప్రయాణములో ఆడువారికి తీఱిక యెక్కువయని మగవారి యభిప్రాయము. పులిహోర పొట్లములు విప్పుటయు, మంచినీళ్ల సీసా అందిచ్చుటయు, కిటికీకొఱకు పోరాడు పిల్లల తగవు తీర్చుటయు వారి లెక్కలోనికి రావు. ఈ పనుల నడుమనే నాకు మఱియొక పని దొరకినది. అది త్రోవలో కనబడు పక్షులను గుర్తుపట్టుట, వీలైనపుడు వానిని ఛాయాచిత్రములుగా దీయుట. సోదరీమణులలో కొందఱైనను ఈ ముచ్చటకు చేయి సాతురేమోయను నాశతో నా యనుభవమును వ్రాయుచున్నాను.

మావారు సికిందరాబాదులో ఉపాధ్యాయులు. బడికి సెలవు లున్నపుడే మాకు ప్రయాణము. చేతికెముకగా సాగదీసి సంసారము నడుపుకొను మాబోటివారికి కెమెరా యేలయని మీరడుగవచ్చును. మా అత్తగారును అడిగిరి. మూడేండ్ల క్రిందట నేను చీటీ పాడుకొనగా వచ్చిన సొమ్ముతో ఒకరు వాడి విడిచిన కెమెరాను కొంటిమి. దూరపు వస్తువును దగ్గఱగా జూపు కటకము దానికే అమర్చియున్నది. “ఆ డబ్బుతో ఒక ఉంగరమైనను రాకపోవునా?” అని అత్తగారు ఒక్కమాటు మాత్రమే అనిరి. ఒక్కమాటు అనిన మాటయే ఎక్కువ దినములు జ్ఞాపకముండును.

మా తండ్రిగారు నాకు ఇంటనే కావ్యములు చెప్పిరి. హంస, చాతకము, చక్రవాకము, క్రౌంచము అని ఎన్ని పక్షుల పేర్లు వల్లించితినో! వానిలో ఒక్కదానినైనను చెట్టుమీద జూపి యిదియే యనువారు మాత్రము లేరు. సంగారెడ్డి దగ్గఱ మంజీర జలాశయపు గట్టున ఒక పుష్యమాసపు టుదయమున చక్రవాకములను మొదటిసారి చూచితిని. కాషాయమువంటి వన్నె గల బాతులు, జంటగా, తీరమున నిలిచియుండెను. చలికాలమున అవి ఉత్తరమునుండి వచ్చి వేసవికి మరలిపోవునట. రాత్రి యగునప్పటికి ఆ జంట విడిపోయి విలపించునని కవులు వ్రాసిరి. పగటివెలుతురుతో పనిచేయు నా యంత్రము ఆ విరహమును ఋజువు చేయజాలదు గనుక నేను కవులతో తగవు పెట్టుకొనలేదు.

అయినను నా మనస్సు దోచినది చక్రవాకము గాదు; పేరు వినని పిట్టయు గాదు. మన పాలపిట్ట. వికారాబాదు వైపు పోవు బండిలో శంకరపల్లి దాటిన పిదప ఇండ్లు పలుచబడును. కందిచేలు, పత్తిచేలు, నడుమ నడుమ వేపలు, మోదుగులు. పట్టాల ప్రక్కనున్న తీగలమీద తోక చీలిన నల్లని పసులపోలిగాడును, దానికి కొంచెము ఎడముగా పాలపిట్టయు కూర్చుండును. కూర్చున్న పాలపిట్టను జూచి యెవ్వరును మురిసిపోరు. మట్టివన్నె వీపు, గోధుమవన్నె ఱొమ్ము, ఒడలికి మించిన తల. ఏదో ఆలోచనలో మునిగిన పెద్దమనుష్యునివలె కదలక మెదలక యుండును. క్రింద మిడుత కదలినదా, ఱెక్కలు విప్పి దుముకును. ఆ విప్పుటలో లేతనీలమును ముదురునీలమును పట్టెలు పట్టెలుగా మెఱయును. కన్ను ఱెప్ప వేయులోపల మరల మట్టివన్నెయే.

ఆ నీలమును గూర్చి ఒక వింత చెప్పవలెను. ఈకలో నీలపు రంగుపదార్థ మేదియు లేదట. ఈకలోపలి అతిసూక్ష్మమైన నిర్మాణము వెలుతురును చెదరగొట్టుటచేతనే మనకు నీలము కనబడుచున్నది. ఆ యీకను రోటవేసి మెత్తగా నూఱినచో నీలిపొడి రాదు. చంద్రశేఖర వేంకటరామనుగారు 1934లో పక్షుల ఈకల వన్నెలను పరిశోధించినపుడు పాలపిట్ట యీకను పరీక్షించిరి. నాకు ఈ సంగతి తెలిసిన తరువాత, మబ్బుపట్టిన దినమున తీసిన నా చిత్రములు ఏల వెలవెలబోవుచున్నవో బోధపడినది. వన్నె పిట్టలో సగము, వెలుతురులో సగము. కావున ప్రొద్దు పొడిచిన మొదటి రెండు గంటలలో, ఎండ పిట్టమీద బడునట్లుగా, సూర్యుని మన వీపునకు వచ్చునట్లు నిలువవలెను. ఎగురు పిట్టను పట్టుటకు కెమెరా కన్ను సెకనులో 2000వ వంతు మాత్రమే తెఱచి మూయవలెను. ఇంతకన్న యంత్రపు సంగతులు చెప్పి మిమ్ము విసిగింపను. దానితో వచ్చిన చిన్నపుస్తకమున అన్నియు నున్నవి.

యంత్రముకన్న ఓర్పు ముఖ్యము. పాలపిట్ట మిడుతను పట్టుకొని తఱచుగా మునుపటి కొమ్మకే, మునుపటి తీగకే వచ్చును. దానివెంట పరుగెత్తినవారికి తోక దక్కును. కదలక కూర్చున్నవారికి ముఖము దక్కును. నడచివచ్చు మనుష్యుని జూచి దూరముననే లేచిపోవు పిట్ట, పోవు రైలును జూచి కదలదు. కావున స్టేషనులో బండి యాగిన రెండు నిమిషములును నాకు బంగారమే. గూటి జోలికి మాత్రము పోరాదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున అడవిపక్షి గూటిని, గ్రుడ్లను కదలించి కలతపెట్టుటయు వేటక్రిందనే లెక్క వేసిరి. చట్టము లేకున్నను, పురుటింటి తలుపు త్రోసికొని పోయి పటము దీయువారిని మనము మన్నింతుమా?

వేటయనిన జ్ఞాపకము వచ్చినది. ఛాయాచిత్రకళకు మన సికిందరాబాదు పుట్టినిల్లు కాకపోయినను మెట్టినిల్లు. రాజా దీనదయాళుగారు 1886లో ఇచట తమ చిత్రశాలను నెలకొల్పిరి. ఆఱవ నిజాము కొలువులో చిత్రకారులై, 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకొఱకు ప్రత్యేకముగా ఒక జనానా చిత్రశాల తెఱచి, దానిని ఒక ఆంగ్లవనితకు అప్పగించిరి. పరపురుషుని కంటబడక పటము దీయించుకొనిన ఆ కాలపు స్త్రీలు, తామే యంత్రము చేతబట్టి అడవులు తిరుగు మనుమరాండ్రను ఊహించిరో లేదో! ఆ దీనదయాళుగారి చిత్రములలో ప్రసిద్ధమైనది మఱియొకటి గలదు. 1902లో కర్జనుప్రభువు దంపతులు ఓరుగంటిసీమలోని నెక్కొండలో వేటాడిన పులితో నిలిచిన చిత్రమది. మన అడవులలోనికి కెమెరా మొదట తుపాకి వెనుకనే నడచినది. ఇంగ్లీషులో రెంటికిని ‘షూట్’ అనునది యొక్కటే మాట. 1931లో సలీం అలీగారు హైదరాబాదు సంస్థానపు పక్షులను లెక్కింప వచ్చినపుడును తుపాకియే సాధనము. చంపి, తోలు నిలువచేసి, పేరు వ్రాయుట నాటి శాస్త్రపద్ధతి. ఆయన సతీమణి తహ్మీనాగారు ఆ తిరుగుళ్లలో తోడుండిరి. నేడు ఒక పక్షిని ఫలానాయని నిరూపించుటకు స్పష్టమైన చిత్రము చాలును. చంప నక్కఱలేదు.

చంప నక్కఱలేదంటిని గాని, మన వీథులలో మన కన్నులయెదుటనే పాలపిట్ట చచ్చుచున్నది. విజయదశమినాడు దానిని జూచుట శుభమని తెలంగాణమున ఇంటింటి నమ్మకము. జమ్మిచెట్టుమీది ఆయుధములు దించుకొనినపుడు పాండవులకు కనబడెనని కొందఱు, లంకపై దండెత్తునపుడు శ్రీరామునకు కనబడెనని కొందఱు చెప్పుదురు. నేను చదివినంతలో ఈ కథ నాకు భారతమునగాని రామాయణమునగాని కనబడలేదు. పెద్దల నోట మాత్రము విన్నాను. వెనుకటివారు జమ్మిపూజకు ఊరి పొలిమేర దాటి పోయెడివారు, త్రోవలో పిట్ట కనబడెడిది. ఇప్పుడు మనకు పొలిమేర యెక్కడ? కావున పిట్టయే పంజరములో మన గడపకు వచ్చుచున్నది. పండుగకు ముందు వలలు పన్ని పట్టి, కాళ్లు కట్టి, ఱెక్కలు విప్పకుండ బంక పూసి, వీథి వీథి త్రిప్పుదురు. పండుగ దాటిన పిదప ఆ పిట్ట ఎగురలేదు, పెక్కు బ్రతుకవు. పట్టుట నేరము. రాష్ట్రపక్షియని పేరు పెట్టి గౌరవించిన పిట్టకు ఇది గతి. జాలిపడి కొని విడుచుటయు మేలుగాదు. మఱునాడు దానికి బదులు ఇంకొకదానిని పట్టుదురు. అటవీశాఖవారికి తెలుపుటయే త్రోవ.

మా యింట ఈ చిక్కు ఎట్లు వచ్చినదనగా, మా అత్తగారికి ఆ దర్శనము లేనిదే దసరా కాదు. మామగారు బ్రతికియున్న దినములలో ప్రతియేడును ఆమెను పొలములవైపు తీసికొనిపోయి చూపెడివారట. వారు పోయిన తరువాత పంజరమువాడు ఆమెకు దిక్కయ్యెను. డెబ్బది దాటిన పెద్దదిక్కును, ఆ జ్ఞాపకము తోడుగా దినములు గడపుచున్న తల్లిని, వలదని చెప్పుటకు నాకు నోరెట్లు వచ్చును?

గడచిన యేడు పండుగకు పది దినములు ముందు నేను తీసిన పాలపిట్ట చిత్రమును చూపి, “అత్తయ్యా, దీనిని జూచిన చాలదా?” అని యడిగితిని. ఆమె కన్నద్దములు సరిచేసికొని చాలసేపు చూచిరి. “బాగున్నదమ్మా. దేవుని పటమునకు మ్రొక్కుదుము; అది దేవుడు గాడని యెఱిగియే మ్రొక్కుదుము. శకునమునకు పటము పనికిరాదు” అనిరి. నేను చదివిన చదువంతయు ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయినది.

“మఱి పంజరములోనిది పనికివచ్చునా? శకునమనగా మనము పోవుచుండ, దానంతట నది యెదురగుట గదా. డబ్బిచ్చి తెప్పించుకొనినది శకున మెట్లగును?” అంటిని.

ఆమె మాటాడలేదు. రెండు దినములు నాతో ముక్తసరిగానే యుండిరి. మూడవనాడు బియ్యము ఏఱుచు, తలయెత్తకుండనే, “ఎక్కడ కనబడునో తీసికొనిపొమ్ము. కనబడకపోయినచో ఏడాది పొడుగునను నీదే పూచీ” అనిరి.

సోదరీమణులారా! ఆ పూచీ యెట్టిదో కోడండ్రకు వేఱుగా చెప్పనక్కఱలేదు. విజయదశమినాడు తెల్లవాఱకముందే నేను, మావారు, పిల్లవాడు, అత్తగారు వికారాబాదు బండి యెక్కితిమి. శంకరపల్లి దాటినది, తీగలమీద పసులపోలిగాళ్లు, ఒక గ్రద్ద. మఱి రెండు స్టేషన్లు, కొంగలు. అత్తగారు కిటికీ చువ్వ పట్టుకొని ఱెప్ప వేయక చూచుచుండిరి. వికారాబాదు వచ్చినది, పాలపిట్ట రాలేదు. మావారు గడియారము చూచుకొనిరి. అనంతగిరి త్రోవన ఆటోలో కొంతదూరము పోయి, ఒక కందిచేని ప్రక్క నాపించితిమి. మోకాళ్ల నొప్పితో ఆమె మైలురాతిమీద కూర్చుండిరి. అరగంట. పిల్లవానికి ఆకలి. అప్పుడు, నేను చూచుచున్న వైపు గాక వెనుకవైపు, “అదిగో!” అని ఆమె గొంతు వినబడినది.

నేను తిరిగి కెమెరా యెత్తునప్పటికే పిట్ట తీగ విడిచినది. నాకు దక్కినది ఒక ఱెక్క, సగము తోక, వెనుక మసకగా కందిచేను. చిత్రముగా చూచిన దానికి విలువ లేదు. అత్తగారు చేతులు జోడించి, పిట్ట మఱుగైన పిదపను ఆ దిక్కునే చూచుచు, “ఆయనయు నిట్లే, ముందు చూడుమని చెప్పక, నన్నే చూడనిచ్చెడివారు” అనిరి. మామగారిని గూర్చి ఆమె నాతో అంత మాట యెన్నడును చెప్పియుండలేదు.

ఆ సగము చిత్రమును సయితము నేను తేదీతో, స్థలముతో, పక్షులను లెక్కించువారి పట్టికకు పంపితిని. ఇట్టి లెక్కలతోనే 2023లో మనదేశపు పక్షుల స్థితిని గూర్చి ఒక నివేదిక వెలువడినది. ఇంచుమించు ముప్పదివేలమంది చూచి వ్రాసిన మూడుకోట్ల లెక్కలు దానికి ఆధారము. పాలపిట్టలు నూటికి ముప్పదికి మించి తగ్గినవనియు, వాని స్థితిని ప్రపంచపట్టికలో మరల విచారింపవలెననియు అందులో వ్రాసిరి. చూచినను చూడకున్నను సర్వత్ర ఉండునని మనమనుకొను పిట్టకే ఈ లెక్క వచ్చినది.

మధ్యాహ్నమునకు ఇల్లు చేరితిమి. జమ్మికి పోవుటకు సిద్ధపడుచుండగా పంజరమువాడు వచ్చెను. పంజరము ఖాళీ. పండుగ మామూలుకు వచ్చినాడు. నేను గారెలు పెట్టి, “ఈ యేడు పిట్ట లేదేమి నాయనా?” అని యడిగితిని.

“ఒక్కటే దొరికింది తల్లీ, పొద్దున్నే సచ్చిపోయింది. ఎన్కట చెర్వు ఎనుక పోతే నాలుగు దొరికేవి. ఇప్పుడాడ అన్నీ ఇండ్లే. ఎంత దూరం పోయినా కండ్లబడుతలేవు” అనెను. పిమ్మట అత్తగారి ముఖమున కుంకుమను, కాళ్లకు అంటిన ఎఱ్ఱమట్టిని జూచి, “పెద్దమ్మా, మీకేడన్న కనబడిందా?” అని యడిగెను.

పండుగనాడు పరిహాసమునకైనను బొంకని మా అత్తగారు, గడపలో నిలువబడి, “రైలులో పోవుచుండగా కనబడినది నాయనా. ఏ ఊరో నాకు తెలియదు” అనిరి.