పెట్టెలో పెట్టెలు

గోదావరి మీద లాంచీ ఎక్కినవారికి సరంగు అనే మాట కొత్త కాదు. ఇసుకమేట ఎక్కడుందో, సుడి ఎక్కడుందో చూసుకుంటూ చుక్కాని పట్టుకుని కూర్చునే మనిషి అతను. గ్రీకులు ఆయనను కుబెర్నేతేస్ అన్నారు. 2014లో గూగుల్ సంస్థ తాను బయటపెట్టిన ఒక సాఫ్టువేరుకు ఆ పేరే పెట్టింది. ఇంగ్లీషువారి గవర్నరు కూడా ఆ గ్రీకు ధాతువు నుంచే లాటిను మీదుగా పుట్టాడని నిఘంటువులు చెబుతాయి. అయినా నాకు మాత్రం కుబెర్నెటీస్‌ను సరంగు అనుకోవడంలోనే తృప్తి.

సరంగు ఉన్నాక సరుకు కూడా ఉండాలి కదా. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అనే లారీల వ్యాపారి, ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 పెట్టెలను అమెరికాలోని న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపాడు. పెట్టెలో ఏముందో రేవుకు అక్కరలేదు. దాని కొలతలూ, పట్టుకునే మూలలూ ఒకటిగా ఉంటే చాలు. విశాఖ రేవులో క్రేను ఎత్తి దించే పెట్టెలకూ నేటికి అదే న్యాయం. 2013లో డాకర్ వచ్చి ఈ న్యాయాన్ని సాఫ్టువేరుకు అందరి చేతికీ అందేలా చేసింది. ప్రోగ్రామునూ, అది బతకడానికి కావలసిన సమస్త సామగ్రినీ ఒక పెట్టెలో సర్ది మూత పెడితే, ఆ పెట్టె నా బల్ల మీదా, ఎక్కడో దూరాన ఉన్న కలనయంత్రం మీదా ఒకే తీరున నడుస్తుంది. నడవాలి.

ఈ పెట్టెలను పంపించే పనికి ఇప్పుడు రంగురంగుల బొత్తాల తెరలు చాలా ఉన్నాయి. నేను మాత్రం నల్లని తెర మీద ఆజ్ఞలు టైపు చేసే పాతకాలపు పద్ధతినే వదలలేదు. డాకర్ బిల్డ్ అంటే పెట్టె తయారవుతుంది. డాకర్ పుష్ అంటే గిడ్డంగికి చేరుతుంది. క్యూబ్‌కటిల్ అప్లై అంటే సరంగు చేతికి చీటీ అందుతుంది. ఆ చీటీలో "ఇలా చెయ్యి" అని ఉండదు, "ఇలా ఉండాలి" అని ఉంటుంది. ఈ పెట్టె రెండు ప్రతులుగా నడుస్తూ ఉండాలి అని రాసిస్తే, ఒకటి చచ్చిపోయినప్పుడు మరొకదాన్ని మన ప్రమేయం లేకుండానే నిలబెడుతుంది. కొత్త పెట్టె వచ్చినప్పుడు పాతదాన్ని తొందరపడి తీసేయదు. కొత్తదాన్ని పక్కన నిలబెట్టి "సిద్ధమేనా?" అని అడిగి, ఔనన్న తరువాతే పాతదానికి సెలవిస్తుంది. రోలౌట్ స్టేటస్ అని కొట్టి ఆ మార్పు జరుగుతూండగా చూడటం, వంతెన మీద నిలబడి కింద లాంచీ మలుపు తిరగటం చూసినట్లే ఉంటుంది నాకు.

ఆ నల్లతెరకు తెలుగు మాత్రం రాదు. అది ఒక్కో అక్షరానికి ఒక్కో గడి కేటాయించే ఇంగ్లీషు టైపుమిషను సంతానం. గుణింతాలు ఒకచోట, ఒత్తులు మరొకచోట పడతాయి. ఏళ్ళ తరబడి అలవాటు కావడంతో చెదిరిన ఆ తెలుగును కూడగట్టుకుని చదవడం వచ్చేసింది.

కోనసీమలో కంటి శిబిరాలు నడిపే ఒక ధర్మసంస్థకు నేను తీరిక వేళల్లో సాఫ్టువేరు పని చేసిపెడుతుంటాను. అక్కడ ఉన్నవి మొత్తం మూడు ప్రోగ్రాములు. వాటికి కుబెర్నెటీస్ అంటే ఉడుతకు అంబారీ కట్టడమే. ఒక దాత యంత్రాలనూ అద్దెనూ ఉచితంగా ఇచ్చారు, వారి దగ్గర ఉన్నది అదే. దానం చేసిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదు కనుక ఎక్కాము. ఆ మూడింటిలో ఒకటి ఉత్తరాలు తయారు చేస్తుంది. శిబిరంలో శుక్లాలు ఉన్నాయని తేలినవారికి శస్త్రచికిత్స ఏ రోజున, ఎన్ని గంటలకు, ఏ గదిలో, ముందురోజు నుంచి ఏ చుక్కలు వేసుకోవాలి, రక్తపోటు మాత్ర మానవచ్చునా కూడదా, ఇవన్నీ తెలుగులో అచ్చు వేసి ఇస్తుంది. అందుకునేవారు చాలామంది డెబ్బై దాటినవారు. ఉత్తరాన్ని మనుమడో పక్కింటి కోడలో చదివి వినిపించాలి.

ఒక గురువారం రాత్రి, మాతో కలిసి పనిచేసే ఒక కుర్రవాడు ఆ పెట్టెను బక్కచిక్కించాడు. బరువైన పునాదికి బదులు సన్నని పునాది వాడాడు. పెట్టె మూడో వంతుకు తగ్గింది. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అనవసరపు సామాను మోయకపోవడం ఈ వృత్తిలో సుగుణమే. పరీక్షలన్నీ నెగ్గాయి. సరంగు "సిద్ధమేనా?" అని అడిగితే కొత్త పెట్టె ఔనంది. రెండు ప్రతులూ "రన్నింగ్" అని చూపించాయి.

శుక్రవారం మధ్యాహ్నం సంస్థ గుమాస్తా అయిన ఆవిడ ఫోను చేశారు. "ఆయ్, కాగితాల నిండా పెట్టెలే పడుతున్నాయండీ. అక్షరం ముక్క లేదు." నాకు వెంటనే అర్థం కాలేదు. పెట్టెలు నడుస్తూనే ఉన్నాయి కదా అనబోయాను. తరువాత తెలిసింది, ఆవిడ చెబుతున్నవి వేరే పెట్టెలు. అక్షరానికి తగిన ఖతి దొరకనప్పుడు యంత్రం దాని స్థానంలో గీసే ఖాళీ చదరాలు. ఇంగ్లీషువారు వాటిని టోఫు ముక్కలంటారు. గూగుల్ తన ఖతులకు నోటో అని పేరు పెట్టింది ఈ టోఫు లేకుండా చేస్తామనే.

రోలౌట్ అన్‌డూ అని ఒక్క వరుస కొట్టాను. సరంగు పాత చీటీలను, మనం వేరే చెప్పకపోతే, పదింటిని దాచి ఉంచుతుంది. నిమిషం లోపలే పాత పెట్టె తిరిగి నిలబడింది. అయితే ఉదయం అచ్చయి, మడతపెట్టి కవర్లలోకి చేరి, వ్యానులో ఊళ్ళకు వెళ్ళిపోయిన 43 ఉత్తరాలను వెనక్కి రప్పించే ఆజ్ఞ ఏదీ లేదు. ఇక్కడ మరో సంగతి. అంకెలు మాత్రం చక్కగా పడ్డాయి. ఖతులను వెతికిపెట్టే సామగ్రితోపాటు డెజావూ అనే ఖతి పెట్టెలోకి వచ్చి ఉంది. దానిలో ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఉన్నాయి, తెలుగు లేదు. చదరాల బారుల నడుమ 7.30 అనీ, 4 అనీ, 1150 అనీ నిలబడ్డాయి. 1150 అనేది రోగి వరుససంఖ్య. ఒక పెద్దాయన మనుమణ్ణి పిలిచి చూపిస్తే, వాడు "తాతా, ఇందులో మాటల్లేవు, డబ్బుల లెక్క ఉంది" అన్నాడట. ఉచితమని పిలిచి పదకొండువందల యాభై కట్టమంటున్నారని ఆయన కవరు మడిచి చూరులో దోపేశారు. ఆవిడ చీకటి పడేదాకా 43 ఇళ్ళకూ ఫోన్లు చేశారు. దొరకని ఆరుగురి కోసం మరునాడు ఆశా కార్యకర్తలు వెళ్ళారు. పెద్దాయన నమ్మడానికి రెండుసార్లు చెప్పవలసి వచ్చిందట.

ఆ రాత్రి కొత్త పెట్టెను నా యంత్రం మీద నడిపి, లోపలికి వెళ్ళి, ఎఫ్‌సీ-లిస్ట్ అనే ఆజ్ఞతో తెలుగు ఖతులు ఏమున్నాయో చెప్పమన్నాను. జవాబుగా ఏమీ రాలేదు. ఖాళీగా మళ్ళీ ప్రాంప్టు వచ్చి నిలబడింది. పాత పునాదిలో తెలుగు ఖతి ఎవరో కోరి పెట్టింది కాదు, ఇంకేదో సామానుతోపాటు వచ్చి ఊరుకుంది. ఆ పెట్టెకు తెలుగు కావాలని ఏ చీటీలోనూ రాసి లేదు.

కుర్రవాడు సిగ్గుపడి పాత పునాదికే వెళ్ళిపోదామన్నాడు. వద్దన్నాను. సన్నని పునాదినే ఉంచి, తెలుగు ఖతిని పేరు పెట్టి, ఒక వరుసగా రాయించాను. డెబియన్ పొట్లాలలో తెలుగు ఖతులు ఉన్నాయి. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు యూనికోడు తొలినాళ్ళలో చేసిన పోతన, వేమన అక్కడ దొరుకుతాయి. ఆ రెండు ఖతులతోనే తెరమీద తెలుగు చదవడం మొదలుపెట్టిన తరం మాది. ఖతి ఒక్కటే చాలదు, ఒత్తులను వాటి స్థానాల్లో కుదిర్చే హార్ఫ్‌బజ్ కూడా ఉండాలి. ఆ పేరు పారసీకం. హైదరాబాదువారికి హర్ఫ్ అంటే అక్షరమని వేరే చెప్పనక్కరలేదు. అది మాత్రం మొదటినుంచీ పెట్టెలోనే ఉంది, కూర్చడానికి అక్షరాలు లేక ఊరికే కూర్చుంది.

పరీక్షల జాబితాలో మరొకటి చేరింది. "లక్ష్మి, స్త్రీ, శస్త్రచికిత్స" అనే మూడు మాటలతో ఒక ఉత్తరం తయారు చేయించి, పీడీఎఫ్‌ఫాంట్స్ అనే ఆజ్ఞతో అందులో తెలుగు ఖతి ఇమిడి ఉందో లేదో చూస్తుంది. లేకపోతే పెట్టె గిడ్డంగి దాకా వెళ్ళదు.

ఖతి ఎంచుకునేటప్పుడు నేనూ కుర్రవాడూ తెర మీద చూసి పోతన అనుకున్నాము. గుమాస్తా ఆవిడ రెండు కాగితాలూ అచ్చు తీసి, శిబిరానికి వచ్చిన ముసలివాళ్ళకు కాస్త దూరంగా పట్టుకుని చూపించారట. వాళ్ళు లావుపాటి నోటో వైపు వేలు పెట్టారు. అక్షరం పరిమాణం 12 నుంచి 18కి పెంచమని ఆవిడే అన్నారు. ఉత్తరం ఇప్పుడు రెండు పుటలు అవుతోంది. వరుససంఖ్యకు ముందు "ఇది డబ్బు కాదు" అని కూడా రాయించారు.