తిరిగిరాని అల

గోదావరి డెల్టాలో పుట్టినవారికి ప్రవాహాన్ని గురించి ఎవరూ ప్రత్యేకంగా పాఠం చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిననాటి నుండి ఈ నేలపై నీరు క్రమశిక్షణ నేర్చుకొన్నది. ధవళేశ్వరం వద్ద తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక వద్ద మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం వద్ద పశ్చిమ డెల్టాకు తలకాలువలు బయలుదేరి, శాఖలై, పిల్లకాలువలై, బోదెలై చివరి మడి వరకు చేరుతాయి. నిండుగా పారే కాలువకు అడ్డంగా లాకు తలుపు హఠాత్తుగా మూస్తే నీరు అక్కడ ఆగి ఊరుకోదు. ఒక అలగా లేచి వచ్చిన దారినే వెనుకకు మరలుతుంది. ఎదురుగా వచ్చే నీటితో పెనగులాడుతుంది. ఈ చిన్న దృశ్యంలో ఇమిడి ఉన్న సూత్రమే రాగి తీగలో సాగే విద్యుత్తరంగానికీ వర్తిస్తుంది.

ఇంతకంటే సులభమైన నిదర్శనం ప్రతి ఇంటి పెరటిలోనూ దొరుకుతుంది. కొబ్బరి పీచు తాడు ఒక కొనను చెట్టుకు గట్టిగా కట్టి, రెండవ కొనను చేతబట్టి ఒక్కసారి ఝాడించండి. తాడు వెంట పరుగెత్తిన అల చెట్టును తాకి, తలక్రిందులై మీ చేతికే తిరిగివస్తుంది. చెట్టుకు బదులుగా అటువంటిదే మరొక తాడును ముడివేస్తే, అల ఆ ముడిని లెక్కచేయక ముందుకు సాగిపోతుంది. బరువైన మోకును ముడివేస్తే కొంత ముందుకు పోతుంది, కొంత వెనుకకు వస్తుంది. అనగా అలను మరల్చేది ముడి కాదు. ముడికి అటూ ఇటూ ఉన్న వాటి స్వభావభేదం.

తీగకు కూడా ఇటువంటి స్వభావమొకటి ఉన్నది. తీగ నిరోధం, ప్రేరకత్వం, జంట తీగల నడుమ ఏర్పడే క్షమత కలిసి దానిని నిర్ణయిస్తాయి. మారుతూ ప్రవహించే విద్యుత్తుకు కలిగే మొత్తం ప్రతిబంధకానికి 1886లో ఆంగ్లేయ శాస్త్రవేత్త ఆలివర్ హెవిసైడ్ ‘ఇంపెడెన్స్’ అని పేరు పెట్టారు. మనం దానిని అవరోధం అంటున్నాము. హెవిసైడ్ ఏ విశ్వవిద్యాలయంలోనూ చదివినవారు కారు. యౌవనంలో తంతి ఉద్యోగం చేసి, 24 ఏండ్ల వయస్సులో దానిని వదలి, ఇంటనే కూర్చుండి తీగలలో తరంగాలు సాగే తీరును గణితంతో తేల్చారు. తీగ చివర ఉన్న పరికరపు అవరోధం తీగ స్వాభావిక అవరోధంతో సమానమైతే అల తిరిగిరాదు. సమానం కాకపోతే, ఆ రెండింటి భేదాన్ని వాటి మొత్తంతో భాగించగా వచ్చినంత వంతు వెనుకకు మరలుతుంది. 100 ఓముల తీగకు 600 ఓముల పరికరాన్ని తగిలిస్తే 500ను 700తో భాగించాలి. వోల్టేజి అలలో నూటికి 71 వంతులు తిరుగుముఖం పడతాయన్నమాట!

టెలిఫోనులో మానవ కంఠస్వరానికి కేటాయించినది 300 నుండి 3,400 హెర్ట్‌జ్‌ల వరకు గల పౌనఃపున్యాలు మాత్రమే. ఆ తరంగాల దైర్ఘ్యం కిలోమీటర్ల కొలది ఉంటుంది. కనుక వీధిలోని చిన్న చిన్న అతుకులు వాటి కంటికి ఆనవు. 2004 అక్టోబరులో భారత ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానాన్ని ప్రకటించింది. పిమ్మట మాట కోసం వేసిన ఆ పాత తీగల మీదనే అంతర్జాలం ఇండ్లకు వచ్చింది. అప్పుడు వాటిపై దాదాపు 22 లక్షల హెర్ట్‌జ్‌ల వరకు పౌనఃపున్యాలు పయనించవలసివచ్చింది. పది లక్షల హెర్ట్‌జ్‌ల తరంగం రాగి జంటలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. దాని దైర్ఘ్యం 200 మీటర్లు. అది మన సందు పొడవు! ఇప్పుడు సందులోని ప్రతి అతుకూ లెక్కకు వస్తుంది.

అందుచేతనే మోడెంలోనూ, ఎక్స్ఛేంజిలోని దాని జంట పరికరంలోనూ, తీగ వచ్చి చేరే చోట ఒక చిన్న వలయాన్ని అమర్చుతారు. అందులోని ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి వర్గాన్ని అనుసరించి అవరోధం మారుతుంది. దాని సహాయంతోనూ, తగిన నిరోధకాలతోనూ పరికరాన్ని తీగకు సరితూగేటట్లు చేస్తారు. ఒకే జంట తీగపై పంపడం, అందుకోవడం రెండూ జరగాలి. దూరం నుండి వచ్చే సంకేతం గుసగుసవలె క్షీణించి ఉంటుంది. మనం పంపేది కేకవలె ఉంటుంది. పొంతన చెడితే మన కేక ప్రతిధ్వనే ఆ గుసగుసను మింగివేస్తుంది. పని ప్రారంభించే ముందు రెండు పరికరాలూ తీగను పరీక్షించి, ఏ పౌనఃపున్యంపై ఎంత సమాచారం మోయవచ్చునో ఒప్పందం చేసుకొంటాయి. మధ్యలో తీగ స్వభావం బాగా మారితే ఆ ఒప్పందం భంగమై బంధం తెగిపోతుంది.

ఈ శాస్త్రవిషయం ఒక కుటుంబపు సుఖదుఃఖాలతో ముడిపడి ఉండడం నేను 2007 వర్షకాలంలో చూచాను. అప్పుడు నేను కోనసీమలో భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి. మా వీధి చివరి ఇంటి ఇల్లాలి భర్త జీవనోపాధికై కువైట్ వెళ్లాడు. అతడు వెళ్లిన నాలుగు నెలలకు పాప పుట్టింది. తండ్రి బిడ్డను చూచినది కంప్యూటరు తెరపైననే. శుక్రవారం అతనికి సెలవు. ఆనాడు ఇంటిల్లిపాదీ తెర ముందు చేరేవారు. వర్షం పడితే మాత్రం ముఖం కనబడీ కనబడకముందే బొమ్మ నిలిచిపోయేది, మోడెం దీపం మినుకుమినుకుమని ఆరిపోయేది. “ఫోనులో మాట బాగానే వినిపిస్తోంది మాస్టారూ! పాప కనబడే వేళకే తెగిపోతోందండి” అని ఆమె కంటతడి పెట్టింది. పాప అడుగులు నేర్చుకొంటున్న రోజులవి. తొలి అడుగులు మరల రావు కదా!

తీగలను చూడవచ్చిన లైన్‌మన్ ముప్పై ఏండ్లుగా ఆ వీధులను ఎరిగినవారు. మోడెం మార్చి చూచినా ఫలితం లేకపోయింది. “వానకే పోతోందంటే తీగ ఎక్కడో నీళ్లు తాగుతోందండి” అన్నారాయన. మాటకు అడ్డురానిది అంతర్జాలానికి ఎందుకు అడ్డువస్తున్నదా అని ఆలోచించి, “ఈ జంటకు మధ్యలో కొమ్మ తీగ ఏమైనా ఉన్నదా?” అని అడిగాను. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకొని, “ఆయ్, ఉందండి! ఆ పెంకుటింటివారు ఊరు విడిచి వెళ్లిపోయారు కదండి. ఫోను తీసేశారు గాని తీగ అలాగే ఉండిపోయిందండి” అన్నారు.

తీగ వెంట నడిచి చూచాము. అది స్తంభం వద్ద చీలి, సుమారు 50 మీటర్లు పోయి, పాడుబడిన గోడపై కొన తెరచుకొని వేలాడుతున్నది. ఉప్పుగాలికి రాగి పచ్చబారి ఉన్నది. అసలు దారి నుండి చీలిన అల ఆ కొన వరకు పోయి మరలివచ్చేసరికి 100 మీటర్లు నడుస్తుంది. పది లక్షల హెర్ట్‌జ్‌ల తరంగానికి అది అర్ధ తరంగదైర్ఘ్యం. కనుక శృంగం ఉన్నచోటికి ద్రోణిగా వచ్చి అసలు అలనే తుడిచివేస్తుంది. ఎండ రోజులలో మోడెం ఆ లోపానికి అలవాటుపడి పనిచేసేది. వాన తడికి కొన స్వభావం మారగానే లెక్క తప్పేది. లైన్‌మన్ స్తంభమెక్కి, కొమ్మ తీగను మొదటిలోనే కత్తిరించి, అతుకును శుభ్రపరచి కొత్తగా వేశారు. తరువాతి శుక్రవారం కూడా వాన కురిసింది. దీపం ఆరలేదు. పాప తెర వైపు నాలుగు అడుగులు వేసింది.

2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామానికి గాజుతీగ ద్వారా అంతర్జాలం వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో రాష్ట్ర ఫైబర్‌గ్రిడ్ ప్రారంభమైంది. రాగి తీగ స్థానాన్ని గాజుతీగ ఆక్రమిస్తున్నది. అయినా సూత్రం మారలేదు. గాజు, గాలి కలిసే తలం వద్ద కాంతిలో నూటికి సుమారు నాలుగు వంతులు వెనుకకు మరలుతాయి. అందుకే గాజుతీగల కొనలను కరిగించి, నడుమ గాలి చొరకుండా అతుకుతారు.

సరిపోలికలో మరొక విశేషమున్నది. ఇచ్చే పరికరపు అంతర్నిరోధం, పుచ్చుకొనే పరికరపు నిరోధం సమానమైనప్పుడే అత్యధిక సామర్థ్యం అవతలికి చేరుతుంది. అయితే అప్పుడు ఇచ్చే పరికరంలో కూడా సరిగా అంతే సామర్థ్యం వేడిగా ఖర్చవుతుంది. తరగతి గదిలో నిలబడినప్పుడల్లా ఈ లెక్క నాకు గుర్తుకు వచ్చేది. విద్యార్థి స్థాయి తెలుసుకోకుండా చెప్పిన పాఠం గోడను తాకిన అలవలె చెప్పినవాని వద్దకే తిరిగివస్తుంది. చెప్పేవాడు వినేవానితో సరితూగడానికి తాను కొంత కరగక తప్పదు. అట్లు కరిగిననాడు మాట తిరిగిరాదు. చేరవలసిన చోటికి చేరుతుంది.